షెరీఫు కచ్చేరినుండి కాగితము తెప్పించుకొనుట
(సమాజ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



తెలుగు సమాజపు వార్షికోత్సవమున హరికథయో, పద్యపఠనమో, ఏకాంక నాటికయో ఉండవలసిన వేళ, అమెరికాలోని ఒక పల్లెటూరి పోలీసు కచ్చేరిని గూర్చి ప్రసంగమేమని కొందరికి తోచవచ్చును. అయితే కొడుకో, కూతురో, మేనల్లుడో అమెరికాలో లేని కుటుంబము ఈ సభలో నేడు అరుదు. బిడ్డలు డల్లాసు, హ్యూస్టను, ఆస్టిను వంటి పట్టణములలో ఉద్యోగములు చేయుదురు. సెలవు దొరకినంతనే కారెక్కి నాలుగైదు వందల మైళ్లు పోయివత్తురు. ఆపద పట్టణములోనే వచ్చునను నియమము లేదు. పేరైనను వినని కౌంటీలో, కనుచూపు మేర ఇల్లు లేని రహదారిమీదను రావచ్చును. అప్పుడు జరిగినదేమో తెలుపు కాగితములు కొన్ని పుట్టును. వానిని తెప్పించుకొను విధము తెలియక తల్లిదండ్రులు నెలల తరబడి తిరుగుడు పడుదురు.

ఒక కుటుంబమును ఊహించుకొనవచ్చును. తండ్రి తపాలా శాఖలో పనిచేసి విశ్రాంతి పొందినవాడు, నివాసము రాజమహేంద్రవరము. కుమారుడు డల్లాసులో ఇంజనీరు. మిత్రునితో కలిసి పశ్చిమ టెక్సాసులోని బిగ్ బెండ్ కొండలు చూచి వచ్చుచుండగా కారు బోల్తాపడి కుమారుడు మరణించెను. తోడి తెలుగువారు చందాలు పోగుచేసి, హ్యూస్టనులోని భారత కాన్సులేటువారి సహాయముతో దేహమును ఇంటికి పంపిరి. కర్మకాండ ముగిసెను. ఆ తరువాత ఇంటిలో రెండు ప్రశ్నలు మిగిలెను. బీమా కంపెనీవారు పోలీసు నివేదిక పంపుడని వ్రాసిరి. తల్లి మాత్రము, బిడ్డ ఆ రోడ్డుమీద ఎంతసేపు పడియుండెను, ఎవరైనను త్వరగా వచ్చిరా లేదా అని వచ్చినవారినెల్ల అడుగుచుండెను. బంధువులు ఓదార్చుటకు ఏదో చెప్పుదురు, ఆమె నమ్మదు. నిజమునకు ఆ రెండు ప్రశ్నలకును జవాబులు నిమిషములతో సహా కాగితముమీద కలవు. ఆ కాగితములు ఎవరివద్ద ఉండును, ఎట్లు అడుగవలెను అనునదే ఈ ప్రసంగ విషయము. రాష్ట్రమునకొక చట్టమున్న దేశము కనుక, తెలుగువారు విస్తారముగా ఉన్న టెక్సాసునే ప్రధానముగా తీసికొనుట జరిగినది.

షెరీఫు అను పేరు భారతీయులకు పూర్తిగా కొత్తది కాదు. ఆంగ్లేయుల కాలమున కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములకు షెరీఫులుండిరి. అది కాలక్రమమున ఒక పురప్రముఖునకు ఏడాదిపాటు ఇచ్చు గౌరవ పదవిగా మారినది. మద్రాసులో 1998లో దానిని రద్దుచేసిరి. ప్రాచీన ఇంగ్లండులో 'షైర్' అనగా జిల్లా వంటి మండలము. 'రీవ్' అనగా రాజు పక్షమున అక్కడి వ్యవహారములు చూచు ఉద్యోగి. ఆ రెండు మాటలు కలిసి షెరీఫు అయినది. ఇక్కడ గౌరవ చిహ్నముగా మిగిలిన పదవి, అమెరికాలో తుపాకియు, తాళపు చెవులును గల పదవిగా నిలిచినది.

టెక్సాసు రాష్ట్రమున 254 కౌంటీలు కలవు. ప్రతి కౌంటీకి ఒక షెరీఫును ప్రజలు నాలుగేండ్లకొకసారి ఓట్లువేసి ఎన్నుకొందురు. కౌంటీ జైలు నడుపుట, కోర్టు సమన్లు అందించుట, పురపాలక సంఘముల ఎల్లలకు వెలుపల గస్తీ తిరుగుట, నేరములు విచారించుట అతని విధులు. కౌంటీలన్నియు ఒక తీరువి కావు. హ్యూస్టను నగరమున్న హారిస్ కౌంటీలో లక్షలాది జనులుండగా, లవింగ్ కౌంటీలో 2020 జనాభా లెక్కల నాటికి 64 మంది మాత్రమే ఉండిరి. బిగ్ బెండ్ ఉన్న బ్రూస్టర్ కౌంటీ విస్తీర్ణమున టెక్సాసులోనెల్ల పెద్దది. అది సుమారు 16,000 చదరపు కిలోమీటర్లు, అనగా విభజనకు ముందటి ఖమ్మం జిల్లా అంత. ఆ ఖమ్మములో 2011 లెక్కల ప్రకారము సుమారు 28 లక్షలమంది ఉండగా, బ్రూస్టరులో 2020లో ఉన్నవారు 9,546 మంది. అంత నేలను కొద్దిమంది డిప్యూటీలు చూడవలెను. ఇట్టి చోట్ల జైలును, షెరీఫు కచ్చేరియు ఒకే కట్టడములో ఉండుటయు, ఫోను ఎత్తువారే రికార్డులు కూడ చూచుటయు కద్దు. ఉత్తరము చేరిన మరునాడే జవాబు రాలేదని కోపగించుకొనువారు ఈ సంగతి తలచుకొనవలెను.

కేంద్ర ప్రభుత్వోద్యోగులకు దీనిలో వింతగా తోచు సంగతి మరియొకటి కలదు. షెరీఫుకు పై అధికారి లేడు. సర్కిల్ ఇన్‌స్పెక్టరు వినకున్న డి.ఎస్.పి., అతడు వినకున్న ఎస్.పి., ఆ పైన డి.ఐ.జి. అను నిచ్చెన అక్కడ లేదు. రాష్ట్ర పోలీసు శాఖ అతనిని ఆజ్ఞాపింపదు. గవర్నరు అతనికి మెమో ఇయ్యడు. 'సరియైన మార్గము ద్వారా' అర్జీ పంపుటకు అలవాటుపడిన చేయి వాషింగ్టనుకో, గవర్నరుకో, రాయబార కార్యాలయమునకో మొదటి ఉత్తరము వ్రాయును. ఆ ఉత్తరములు మర్యాదగల జవాబులు తెచ్చును గాని కాగితములు తేవు. కాగితము ఎవరి బీరువాలో ఉన్నదో వారినే అడుగవలెను.

చట్టము విషయమునను ఇట్టి పొరపాటే జరుగుచుండును. అమెరికా సమాచార స్వేచ్ఛా చట్టము 1966లో పుట్టి, 1967లో అమలులోనికి వచ్చినదని చాలమంది విన్నారు. అది కేంద్ర కార్యాలయములకు మాత్రమే వర్తించును. కౌంటీ షెరీఫుకు ఆ చట్టము పేరు వ్రాసిన యెడల, అడిగినవారికి విషయము తెలియదని అతనికి తెలియుటయే ఫలము. టెక్సాసుకు తనదైన చట్టము కలదు. 1971లో షార్ప్స్‌టౌన్ బ్యాంకు కుంభకోణము బయటపడి రాష్ట్ర రాజకీయములు తారుమారైన తరువాత, 1973లో శాసనసభ దానిని చేసినది. నేడది ప్రజా సమాచార చట్టమను పేరుతో రాష్ట్ర ప్రభుత్వ నియమావళిలో 552వ అధ్యాయముగా ఉన్నది.

ఈ సభలో సమాచార హక్కు చట్టము క్రింద అర్జీలకు జవాబులు వ్రాసి వ్రాసి చేయి అరిగినవారున్నారు. వారికి పోలికలు సులభముగా తెలియును. 2005 నాటి భారత చట్టమున కారణము చెప్పనక్కర లేదు. టెక్సాసు చట్టమునను 'ఇది నీకెందుకు' అని అధికారి అడుగరాదు. ఇక్కడ గడువు 30 దినములు. అక్కడ వెంటనే ఇయ్యవలెనని నియమము, పది పనిదినములలో ఇయ్యలేకున్న ఎప్పుడిచ్చునో వ్రాసి తెలుపవలెను. భేదములును కలవు. భారత చట్టము పౌరులకు మాత్రమే. టెక్సాసు చట్టము అడుగువాడే దేశమువాడని చూడదు. రాజమహేంద్రవరమున కూర్చుండి వ్రాసిన ఉత్తరమునకును అదే హక్కు. కాని అన్ని రాష్ట్రములును ఇంత ఉదారములు కావు. వర్జీనియా, టెన్నెసీ, అర్కన్సా వంటివి తమ రాష్ట్రమువారికే ఆ హక్కునిచ్చినవి. అట్లు చేయుట రాజ్యాంగ విరుద్ధము కాదని 2013లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుచెప్పినది. అట్టి చోట్ల ఆ రాష్ట్రమున నివసించు బంధువుచేతనో, న్యాయవాదిచేతనో అడిగించుట మేలు.

అన్నిటికంటె ముఖ్యమైన భేదము వేరొకటి. భారతదేశమున తప్పు కార్యాలయమునకు అర్జీ పోయినచో, దానిని ఐదు దినములలో సరియైన కార్యాలయమునకు బదిలీ చేయవలెనని చట్టము చెప్పుచున్నది. టెక్సాసులో ఆ బాధ్యత లేదు. 'మావద్ద ఆ కాగితములు లేవు' అని జవాబు వచ్చును. అది నిజమే అయియుండును. కుటుంబము మాత్రము అధికారులు దాచుచున్నారని అపోహపడును. కనుక ఉత్తరము వ్రాయుటకంటె ముందు, ఏ కాగితము ఎవరి సొత్తు అని తెలిసికొనుటకు కొంత శ్రమపడుట అవసరము. సగము అర్జీలు ఇక్కడనే దారి తప్పును.

పై కుటుంబపు సంగతినే చూడవలెను. ప్రమాదము కౌంటీలో జరిగినది కనుక షెరీఫు నివేదిక వ్రాసియుండునని తోచును. కాని ఊరి వెలుపలి రాష్ట్ర రహదారులమీద జరుగు ప్రమాదములను తరచుగా విచారించునది షెరీఫు కాదు. రాష్ట్ర ప్రజా రక్షణ శాఖకు చెందిన హైవే పెట్రోలువారు. షెరీఫు డిప్యూటీ మొదట చేరి, దీపములు పెట్టి బండ్లు ఆపి, హైవే పెట్రోలువాడు వచ్చినంతనే పని అప్పగించి పోవచ్చును. ఎవరు విచారించినను, సి.ఆర్.-3 అను ఫారములో ప్రమాద నివేదిక వ్రాసి పది దినములలో రాష్ట్ర రవాణా శాఖకు పంపవలెను. బీమా కంపెనీవారడుగునది సాధారణముగా ఈ నివేదికయే. దీనికి షెరీఫును బతిమాలనక్కర లేదు. రవాణా శాఖవద్ద ఆరు డాలర్లకు ప్రతి, ఎనిమిది డాలర్లకు ధ్రువీకరించిన ప్రతి దొరకును. అయితే ఇది అందరికిని పూర్తిగా ఇచ్చునది కాదు. ప్రమాదములో చిక్కినవారు, డ్రైవరు తల్లిదండ్రులు, బీమాదారు, మరణమునుబట్టి దావా వేయు హక్కుగలవారు, వీరి ప్రతినిధులు మొదలైనవారికే పూర్తి ప్రతి. ఇతరులకు పేర్లు మొదలగునవి కొట్టివేసిన ప్రతి. టెక్సాసు చట్టము ప్రకారము మరణమునుబట్టి దావా వేయగలవారు భార్య లేక భర్త, బిడ్డలు, తల్లిదండ్రులు మాత్రమే. అన్నదమ్ములు ఆ వరుసలో లేరు. కనుక అమెరికాలోనున్న అన్నగారు తన పేరిట అడుగుటకంటె, తల్లిదండ్రుల సంతకముతో అధికార పత్రము తెప్పించుకొని అడుగుట మంచిది. అట్టి దావాకు సామాన్యముగా రెండేండ్ల గడువని కూడ గుర్తుంచుకొనవలెను.

మరియొక చిక్కు. ఆ ప్రమాదము బిగ్ బెండ్ జాతీయ వనము ఎల్లలకు లోపల జరిగినదైనచో కథ మారిపోవును. అక్కడ విచారించువారు కేంద్ర ప్రభుత్వపు వనరక్షకులు. వారి కాగితములకు టెక్సాసు చట్టము పనికిరాదు. కొంచెము ముందు వ్యర్థమని చెప్పిన 1966 నాటి కేంద్ర చట్టమే అక్కడ శరణ్యము, గడువు 20 పనిదినములు. ఒక మైలు ఇటో అటో అయినంతమాత్రమున చట్టమే మారును. అందుచేత మొట్టమొదట తెలిసికొనవలసినది ప్రమాదము జరిగిన చోటు: రహదారి సంఖ్య, దగ్గరి మైలురాయి, సమీప గ్రామము.

మరణ విచారణ కాగితములు ఇంకొకరివద్ద ఉండును. పెద్ద కౌంటీలలో వైద్య పరీక్షకుని కార్యాలయము కలదు. చిన్న కౌంటీలలో అది లేదు. 'జస్టిస్ ఆఫ్ ది పీస్' అను స్థానిక న్యాయాధికారియే పంచాయతనామా వంటి విచారణ జరిపి, కావలెనన్న శవపరీక్షకు దూరపు పట్టణమునకు పంపును. అతడు కూడ ప్రజలచే ఎన్నుకొనబడినవాడే; వైద్యుడు గాని, న్యాయవాది గాని కానక్కర లేదు. న్యాయస్థానములకు ప్రజా సమాచార చట్టము వర్తింపదు గనుక, అతనికి వ్రాయు ఉత్తరమున 552వ అధ్యాయము ప్రస్తావింపక, మరణ విచారణ రికార్డు ప్రతి కావలెనని సాదాగా అడుగుట మేలు. అంబులెన్సువారి వైద్య పత్రములు రహస్యములు. మృతుని చట్టబద్ధ ప్రతినిధి సమ్మతి వ్రాసియిచ్చిననే ఇత్తురు.

ఇక షెరీఫువద్ద నిజముగా ఉండునవేవి? అత్యవసర ఫోను 911 చాల గ్రామీణ కౌంటీలలో షెరీఫు కచ్చేరిలోనే మ్రోగును. కనుక ఆ ఫోను సంభాషణ ధ్వనిముద్రణము. దానితోపాటు డిస్పాచ్ లాగ్ అను సమయ పట్టిక. డిప్యూటీ వ్రాసిన సంఘటన నివేదిక. అతని చొక్కామీది కెమెరా తీసిన చిత్రము. దొరకిన సామానుల పట్టిక. ఎవరినైన అరెస్టు చేసియున్న జైలు నమోదు. తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు ఆ సమయ పట్టికలోనున్నది. ఫోను వచ్చిన గంట, నిమిషము. డిప్యూటీని పంపిన వేళ. అతడు చేరిన వేళ. అంబులెన్సును పిలిచిన వేళ, అది వచ్చిన వేళ. ఒకటి రెండు పుటల కాగితము. అడిగినవారు తక్కువ, ఎందుకనగా అట్టిదొకటి ఉండునని తెలిసినవారు తక్కువ. అందులో సహాయము పది నిమిషములకు వచ్చినదని ఉండవచ్చును, గంటకు వచ్చినదనియు ఉండవచ్చును. చదువదలచినవారు దానికి సిద్ధపడియే అడుగవలెను. బంధువులలో ధైర్యముగల ఒకరు ముందు చదివి, తల్లికి ఎట్లు చెప్పవలెనో నిర్ణయించుట మంచిది.

అడుగు విధము. అడగందే అమ్మయినా పెట్టదు. అడిగినను, ఏమి పెట్టవలెనో తెలియునట్లు అడుగవలెను. చట్టము కాగితములిమ్మన్నది గాని ప్రశ్నలకు జవాబులు చెప్పుమనలేదు. కొత్త కాగితము తయారుచేయుమనియు అనలేదు. 'మా అబ్బాయి ఎట్లు మరణించెను? డిప్యూటీ ఎందుకు ఆలస్యము చేసెను?' అని వ్రాసిన ఉత్తరమునకు షెరీఫు జవాబియ్యనక్కర లేదు. 'ఆ రాత్రి ఫలాని ప్రమాదమునకు సంబంధించిన డిస్పాచ్ లాగ్ ప్రతి' అని వ్రాసినచో ఇయ్యవలెను, లేక ఎందుకియ్యడో చట్టము చూపవలెను. దుఃఖములో నున్నవారికి ఈ రెంటికిని గల భేదము కనబడదు. అందుచేతనే ఉత్తరము ఇంటిలో మరియొకరు వ్రాయుట యుక్తము.

ఉత్తరము ఆంగ్లమున, ఒక పుటకు మించకుండ ఉండవలెను. దాని సారము ఇట్లుండవచ్చును: 'టెక్సాసు ప్రభుత్వ నియమావళి 552వ అధ్యాయమును అనుసరించి ఈ క్రింది పత్రముల ప్రతులు కోరుచున్నాము. ఫలాని తేదీ రాత్రి సుమారు ఫలాని గంటకు, ఫలాని సంఖ్యగల రహదారిమీద, ఫలాని గ్రామమునకు దక్షిణముగా జరిగిన కారు ప్రమాదమునకు సంబంధించిన 911 ఫోను ధ్వనిముద్రణము, డిస్పాచ్ లాగ్, సంఘటన నివేదిక. మృతుని పూర్తి పేరు, జన్మతేదీ ఇవి. మేము తల్లిదండ్రులము. వీలైనచో ఈమెయిలు ద్వారా పంపుడు. ఖర్చు ఇన్ని డాలర్లకు మించునెడల ముందుగా తెలుపుడు.' కేసు సంఖ్య తెలిసియున్న తప్పక వ్రాయవలెను. సంబంధము తెలుపనక్కర లేకున్నను, తెలుపుట వలన మేలే గాని కీడు లేదు. మృతుని పేరు పాస్‌పోర్టులో నున్నట్లే వ్రాయవలెను. తెలుగువారి ఇంటిపేరు అక్కడివారి రిజిస్టరులో ఏ కొసకు చేరియుండునో చెప్పలేము కనుక రెండు క్రమములలోను వ్రాయుట మరింత మేలు.

కెమెరా చిత్రమునకు ప్రత్యేక నియమము కలదు. తేదీ, ఉజ్జాయింపు సమయము, నిర్దిష్ట స్థలము, చిత్రములో కనబడు ఒక వ్యక్తి పేరు, ఈ వివరములు వ్రాసిననే అది చెల్లును. ఏదైన విడిచినచో హక్కు పోదు, మరల అడుగవచ్చును. కాని ఆ చిత్రమును కనీసము 90 దినములు మాత్రమే దాచవలెనని చట్టపు నిర్బంధము. ఆ పైన అది ఉండవచ్చును, ఉండకపోవచ్చును. కాగితములు ఏడాది తరువాత కూడ దొరకును గాని ధ్వనిముద్రణములు, చిత్రములు ఆగవు. అందుచేత మొదటి నెలలోనే ఆ ఒక్క ఉత్తరమైన పంపుట అవసరము.

ఉత్తరమును తపాలా ద్వారా గాని, ఈమెయిలు ద్వారా గాని పంపవచ్చును. స్వయముగ ఎవరైన తీసికొనిపోయి ఇయ్యవచ్చును. నోటిమాట చెల్లదు. అర్జీలకై ప్రత్యేకించిన చిరునామా కౌంటీవారు ప్రకటించియున్నచో దానికే పంపవలెను. అయినను ముందొకసారి ఫోను చేయుట మంచిది. టెక్సాసులో ఉదయము తొమ్మిది గంటలైనప్పుడు ఇక్కడ వేసవిలో రాత్రి ఏడున్నర, చలికాలమున ఎనిమిదిన్నర. ఫోనులో కోపము, కన్నీరు, చట్టపు బెదిరింపు మూడును అనవసరము. 'రికార్డులు చూచువారెవరు, ఉత్తరము ఎవరి పేర పంపవలెను, ఆ ప్రమాదమును విచారించినది మీరా, హైవే పెట్రోలువారా' అని అడిగిన చాలును. దేవుడు వరమిచ్చినను పూజారి వరమియ్యడను సామెత అక్కడి కచ్చేరులకును వర్తించును గాని, పల్లెటూరి పూజారి మర్యాదగా మాటాడినవారిని త్వరగా మరువడు.

గడువులలో కుటుంబములను ముంచునది అధికారుల గడువు కాదు, అడిగినవారి గడువు. కచ్చేరివారు 'మీరు కోరినది స్పష్టముగా లేదు, వివరింపుడు' అని వ్రాసినచో, 61వ దినము నాటికి జవాబియ్యనియెడల అర్జీ ఉపసంహరించుకొన్నట్లే లెక్క. ఖర్చు 40 డాలర్లకు మించునని అంచనా పంపినచో, పది పనిదినములలో ఒప్పుకొనుచున్నట్లో, తగ్గించి అడుగుచున్నట్లో వ్రాయవలెను. లేకున్న అదే గతి. ఆ ఈమెయిలు పనికిరాని ఉత్తరముల పెట్టెలో పడియుండును; ఇంటివారు అధికారులు ఉలకరు పలకరని నిందించుచుందురు. ఖర్చులు సామాన్యముగా స్వల్పమే: మామూలు పుటకు పది సెంట్లు, 50 పుటలకు లోపైన మనిషి కూలి సాధారణముగా వేయరాదు. ఖర్చు 100 డాలర్లకు మించునప్పుడు ముందుగా డబ్బు కట్టుమనవచ్చును. పూర్తికాల ఉద్యోగులు 16 మందికంటె తక్కువగా ఉన్న చిన్న సంస్థలకు ఆ హద్దు 50 డాలర్లు.

ఇక నిరాకరణ సంగతి. షెరీఫు తనంతట తాను 'ఇయ్యను' అని ఊరకుండుటకు వీలులేదు. చట్టము ముందే రహస్యమని నిర్ణయించినవి గాక, ఇతరములను దాచదలచినచో పది పనిదినములలో రాష్ట్ర అటార్నీ జనరలుకు వ్రాసి తీర్పు కోరవలెను. అట్లు కోరినట్లు అడిగినవారికి తెలుపవలెను. గడువు మీరినచో, గట్టి కారణము లేనిదే ఆ కాగితములు బహిరంగములని భావింపబడును. అటార్నీ జనరలు 45 పనిదినములలో తేల్చవలెను. ఈ లోగా అడిగినవారును తమ వాదము వ్రాసి పంపవచ్చును. ఈ అవకాశమును వినియోగించుకొనువారు అరుదు. తల్లిదండ్రులు వ్రాసిన పది వాక్యముల ఉత్తరము ఆ దస్త్రములో ఉండుట, లేకుండుటకంటె మేలు.

పోలీసులు ఆశ్రయించునది సాధారణముగా 108వ సెక్షను. విచారణ సాగుచున్నప్పుడును, విచారణ ముగిసి శిక్ష పడనప్పుడును కాగితములు దాచవచ్చునని అది చెప్పుచున్నది. భారత చట్టములోని 8(1)(హెచ్) తెలిసినవారికి మొదటి భాగము పరిచితమే. రెండవ భాగమే విపరీతము. తప్పుచేసినవాడు కూడ మరణించినచో శిక్ష ఎన్నటికిని పడదు. కనుక కాగితములు ఎన్నటికిని దాచవచ్చును. ఈ సందు మూయుటకు 2023లో ప్రతినిధుల సభ ఆమోదించిన బిల్లు సెనేటు దాటి చట్టము కాలేదు. అయితే ఈ సెక్షను 'దాచవచ్చును' అన్నదే గాని 'దాచవలెను' అనలేదు. షెరీఫు ఇయ్యదలచిన ఇయ్యవచ్చును. ఫోనులో మర్యాద ఎందుకని పైన చెప్పినదానికి మర్మము ఇదే. ఏమైనను, అరెస్టు గాని, నేరము గాని జరిగినప్పుడు దాని మౌలిక వివరములు, అనగా ఏమి జరిగినది, ఎక్కడ, ఎప్పుడు, ఎవరిని అరెస్టు చేసిరి అనునవి, ఈ సెక్షను అడ్డుపెట్టి దాచరాదు. బాలనేరస్థుల రికార్డులు, బిడ్డలమీది అత్యాచార విచారణలు మాత్రము వేరు చట్టముల క్రింద రహస్యములు. అక్కడ మర్యాద కూడ పనిచేయదు.

కాగితములు రాకున్న ఏమగునో టెక్సాసులోనే ఒక పెద్ద ఉదాహరణము కలదు. యువాల్డీ అను చిన్న ఊరి ప్రాథమిక పాఠశాలలో 2022 మే 24న ఒకడు తుపాకితో జొరబడి 19 మంది పిల్లలను, ఇద్దరు ఉపాధ్యాయినులను చంపెను. వందలమంది పోలీసులు చేరియు, గంటకు పైగా అతనిని ఎదిరింపరైరి. షెరీఫు డిప్యూటీలును ఆ గుంపులో నుండిరి. పత్రికలవారు 911 ఫోనులు, కెమెరా చిత్రములు అడిగి, రాక కోర్టుకెక్కిరి. నగరపు రికార్డులు 2024 ఆగస్టులోను, కౌంటీవియు పాఠశాల సంఘమువియు 2025 ఆగస్టులోను గాని బయటికి రాలేదు. బిడ్డలను పోగొట్టుకొన్న తల్లిదండ్రులు ఆ మూడేండ్లును ఒక్కటే అడిగిరి: ఆ గంటలో ఏమి జరిగినది? అంత లోకప్రసిద్ధమైన విషయములోనే ఇంతకాలము పట్టినచో, ఏ పత్రికయు వ్రాయని రోడ్డు ప్రమాదపు కాగితములకు కొంత ఓపిక అవసరమని వేరే చెప్పనక్కర లేదు. ఓపికకును ఊరకుండుటకును భేదము కలదు. చట్టమునకు విరుద్ధముగా నిరాకరించినచో కోర్టులో దావా వేయవచ్చును. కౌంటీ అటార్నీకి గాని, డిస్ట్రిక్ట్ అటార్నీకి గాని ఫిర్యాదు చేయవచ్చును. ఉద్దేశపూర్వకముగా తిరస్కరించు అధికారికి వెయ్యి డాలర్ల జరిమానా, ఆరు నెలల జైలు వరకు శిక్ష చట్టములో నున్నది. మొదటి ఉత్తరములోనే దీనిని పేర్కొనుట మాత్రము అవివేకము.

తెప్పించిన కాగితము ఇండియాలో చెల్లుట మరియొక అధ్యాయము. ఇంటర్నెట్టులో కొన్న నివేదికను బీమా కంపెనీవారు కొందరు అంగీకరింతురు. కొందరు అపోస్టిల్ ముద్ర కావలెనందురు. భారతదేశము 2005లో ఆ హేగు ఒప్పందమున చేరినది. అమెరికా అంతకుముందే చేరియున్నది. టెక్సాసులో ఆ ముద్ర వేయునది ఆస్టినులోని రాష్ట్ర కార్యదర్శి కార్యాలయము. మామూలు జిరాక్సు ప్రతికి ముద్ర వేయరు. ధ్రువీకరించిన ప్రతి కావలెను. షెరీఫు కచ్చేరి కాగితమైనచో, రికార్డులు చూచు ఉద్యోగి నోటరీ ఎదుట సంతకము చేసిన ధ్రువీకరణము దానికి జతపరచియుండవలెను. మరణ ధ్రువపత్రమును వేరుగా రాష్ట్రపు జనన మరణ శాఖనుండి తీసికొనవలెను. అన్నిటికంటె ముందు బీమా కంపెనీవారిని, ఏ ఏ పత్రములు, ఏ ముద్రలతో కావలెనో వ్రాతమూలముగా అడుగుట తెలివి. అనేక సందర్భములలో మరణ ధ్రువపత్రము, ప్రమాద నివేదిక, ఈ రెండే చాలును. సమయ పట్టికకును కంపెనీకిని సంబంధము లేదు. దానికై కుటుంబము వ్రాయు ఉత్తరము కుటుంబము కొరకే.

ఈ ఉత్తరములకు న్యాయవాది అవసరము లేదు. ఎదుటి బండివాని తప్పున్నదని తోచినను, పోలీసు కస్టడీలో మరణము జరిగినను మాత్రము ఆలస్యము చేయక ఆ రాష్ట్రపు న్యాయవాదిని సంప్రదింపవలెను. తక్కినచోట్ల ఇంటిలో దస్త్రము నడుపుట తెలిసినవారు ఒకరు చాలుదురు, ఈ సభలో అట్టివారికి కొదువ లేదు. ఒక కొత్త ఫైలు తెరచి, పంపిన ప్రతి ఉత్తరపు నకలు, తేదీ, ఫోనులో మాటాడినవారి పేరు అందులో చేర్చి, గోడమీది క్యాలెండరులో పదవ పనిదినమును, వివరణ కోరుచు ఉత్తరము వచ్చియుంటే దానినుండి 61వ దినమును ఎర్ర సిరాతో గుర్తుపెట్టుకొనవలెను.